లైట్లు సరే, ఫ్యాన్ల సంగతేంటి? మన గోదావరి ఇళ్లకి ఏ హోమ్ ఆటోమేషన్ నప్పుతుంది

రెండేళ్ల కిందట మే నెలలో పాలకొల్లులో మా ఇంటికి నేను మొదట కొన్నవి ఫోన్‌తో నడిచే స్మార్ట్ బల్బులు. నాలుగు గదులకి నాలుగు. ఆ వారంలోనే ఒక రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయి రెండింటికి వచ్చింది. రావడంతోనే నాలుగు బల్బులూ ఫుల్ వెలుతురుతో ఒక్కసారిగా వెలిగాయి. అమ్మ ఉలిక్కిపడి లేచి, గోడ మీద స్విచ్చి కట్టేసి పడుకుంది. పొద్దున్నే నేను ఫోన్ తీస్తే యాప్‌లో ఆ బల్బు పక్కన "ఆఫ్‌లైన్" అని ఉంది. స్విచ్చి కట్టేస్తే బల్బుకి కరెంటే లేదు, ఇక ఫోన్ మాట ఏం వింటుంది?

ఫ్యాను మాత్రం పాత రెగ్యులేటర్ మీదే ఉంది. మన దగ్గర ఎండాకాలం రాత్రి ఫ్యాను ఐదులో పెట్టుకుని పడుకుంటాం. తెల్లవారుజామున కాలవ గట్టు మీంచి చల్లగాలి తిరిగేసరికి దాన్ని రెండుకి తగ్గించాలి. అందుకోసం అమ్మ మోకాళ్ల నొప్పితో రోజూ మంచం దిగి గోడ దాకా వెళ్లేది. అవసరం ఫ్యాను దగ్గర ఉంటే నేను డబ్బు పెట్టింది బల్బు మీద.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక రకంగా, రాజోలు దగ్గర అక్క అత్తవారి మండువా లోగిలిలో ఒక రకంగా, భీమవరంలో బాబాయిగారి కొత్త డాబాలో ఇంకో రకంగా పెట్టించాం. మూడు చోట్లా చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇది: ముందు ఫ్యాను సంగతి తేల్చుకుంటే లైట్ల సంగతి దానంతట అదే తేలిపోతుంది. లైటు వెలగడం, ఆరడం, అంతే. ఫ్యానుకి వేగం ఉంది, మోటారు ఉంది, మోత ఉంది. తేడా వచ్చేదంతా అక్కడే.

## కొనేముందు ఏం చూసుకోవాలి

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేస్తుంది? ఏ స్మార్ట్ పరికరానికైనా యాప్‌లో "పవర్ ఆన్ స్టేట్" లాంటి సెట్టింగ్ ఉండాలి. కరెంటు రాగానే వెలగాలా, ఆరి ఉండాలా, పోయేముందు ఎలా ఉందో అలా ఉండాలా అన్నది మనం ఎంచుకునేలా ఉండాలి. లైట్లకి "ఆరి ఉండాలి", ఫ్యానుకి "ముందులాగే" అని పెట్టుకుంటే నిద్ర చెడదు. ఈ సెట్టింగ్ లేని సరుకు మన ఊళ్లకి వద్దే వద్దు.

గోడ మీద స్విచ్చి బతికి ఉంటుందా? ఇంట్లో అమ్మమ్మ, పనమ్మాయి, పండక్కి వచ్చిన చుట్టాలు ఉంటారు. వాళ్లు యాప్ తెరవరు, స్విచ్చి నొక్కుతారు. నొక్కగానే పనవ్వాలి. నొక్కిన తర్వాత ఫోన్‌లో కూడా సరైన స్థితి కనబడాలి.

నెట్ లేనప్పుడు? కొన్ని పరికరాలకి మన ఫోన్ నుంచి వెళ్లే మాట ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి వెనక్కి రావాలి. తుపాను వచ్చి కేబుల్ తెగితే అవి ఆగిపోతాయి. ఇంట్లో వైఫై ఉంటే చాలు, నెట్ అక్కర్లేదనేవి కొన్ని ఉన్నాయి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకి కరెంటు రోజుల తరబడి రాకపోవడం అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి రోజున ఇన్వర్టర్ మీద ఒక్క ఫ్యాను తిరిగినా అది చేత్తో తిప్పుకునేలా ఉండాలి.

బోర్డులో ఏముంది? దీని గురించి కింద వివరంగా రాశాను. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

చెమ్మ, ఉప్పుగాలి, చీమలు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో స్విచ్చి కాంటాక్టులకి చిలుము పడుతుంది. వానాకాలం పడమటి గోడ చెమ్మ పడితే బోర్డులోకీ చెమ్మ దిగుతుంది. బోర్డు వెనక పెట్టే ఎలక్ట్రానిక్ మాడ్యూల్, అంటే స్విచ్చుల్ని ఫోన్‌కి కలిపే చిన్న డబ్బా, ఎప్పుడూ కొద్దిగా వెచ్చగా ఉంటుంది కాబట్టి చీమలు అందులో కాపురం పెడతాయి. మా వసారా బోర్డు విప్పితే లోపలి చిన్న ఎలక్ట్రిక్ స్విచ్చి, అంటే రిలే చుట్టూ తెల్లటి గుడ్లతో సహా పుట్ట కనబడింది. పైపు వచ్చే కన్నాన్ని పుట్టీతో మూసేశాక ఆ బెడద తగ్గింది.

బాగుచేసేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు? మామూలు ఫ్యాను కాలిపోతే మండల కేంద్రంలో వైండింగ్ చేసేస్తారు. స్మార్ట్ సరుకు పోతే చాలాసార్లు బోర్డు మొత్తం మార్చడమే, అదీ కొరియర్‌లో రావాలి.

## ఫ్యాను అసలు ఎలా నడుస్తుందో ఒక్క నిమిషం

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇండక్షన్ మోటారు ఫ్యాను. ఫుల్‌లో సుమారు 75 వాట్లు తింటుంది. పైన కప్పులో చిన్న కండెన్సర్ ఉంటుంది, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్‌ది. ఫ్యాను కొన్నేళ్లకి నీరసంగా తిరుగుతుంటే సగంసార్లు తప్పు దానిదే. ఆటోమేషన్ పెట్టించేముందు ఆ కండెన్సర్ మార్పించి చూడండి. కొత్త మాడ్యూల్ పెట్టాక "ఫ్యాను స్పీడు తగ్గింది" అని తల పట్టుకునే పని తప్పుతుంది.

రెగ్యులేటర్లు రెండు రకాలు. మెట్లు మెట్లుగా తిరిగేవాటిలో కెపాసిటర్లు (కండెన్సర్లకే ఇంకో పేరు) ఉంటాయి, వీటితో మోత రాదు. మెట్లు లేకుండా జారేవి ట్రయాక్ అనే భాగంతో కరెంటు అలని ముక్కలు కోసి ఇస్తాయి, తక్కువ వేగంలో ఫ్యాను "గూంయ్" అంటుంది. స్మార్ట్ మాడ్యూళ్లలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. కొనేటప్పుడు "ఫ్యాను కంట్రోల్ కెపాసిటర్‌తోనా, ట్రయాక్‌తోనా" అని అడగండి. పడకగదికి కెపాసిటర్‌దే తీసుకోండి. స్పీడ్లు నాలుగే వచ్చినా పరవాలేదు.

లైటు వెలుతురు తగ్గించే డిమ్మర్ ఎట్టి పరిస్థితిలోనూ ఫ్యానుకి తగిలించకండి. మోటారు వేడెక్కుతుంది, మోత పెడుతుంది, ఆఖరికి కాలుతుంది.

ఇక బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే బ్రష్‌లెస్ డీసీ మోటారు ఉన్నది. సుమారు 28 నుంచి 35 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకి 16 గంటలు తిరిగే ఫ్యానుకి లెక్క వేస్తే, మామూలుది 1.2 యూనిట్లు తింటే ఇది 0.5 యూనిట్ అటూ ఇటూ. ఒక్క ఫ్యాను మీద నెలకి సుమారు 21 యూనిట్లు మిగులుతాయి. వోల్టేజీ పడిపోయినప్పుడు మామూలు ఫ్యాను నీరసపడుతుంది, ఇది చాలావరకు అదే వేగం నిలబెడుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ రేటింగ్ తప్పనిసరి అయ్యింది కాబట్టి షాపులో పెట్టె మీదే పోల్చుకోవచ్చు.

ఒక్క షరతు: బీఎల్‌డీసీ ఫ్యానుకి బయట రెగ్యులేటర్ ఉండకూడదు. వేగం దాని లోపలే మారుతుంది. పాత రెగ్యులేటర్ తీసేసి వైరు నేరుగా కలపాలి. స్మార్ట్ మాడ్యూల్ ఉంటే "ఫ్యాన్" అని రాసి ఉన్న పిన్నుకి కాకుండా లైటు పిన్నుకి, అంటే ఆన్ ఆఫ్ మాత్రమే చేసేదానికి కలపాలి.

## ఒక్కో మార్గం ఎలా ఉంటుంది

### స్మార్ట్ బల్బు

హోల్డర్‌లో పెడితే అయిపోయింది, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. మన పిన్ను హోల్డర్లకి సరిపోయేవి దొరుకుతాయి. రంగులు మారుతాయి, వెలుతురు తగ్గుతుంది. పూజగదిలోనో పిల్లల చదువు బల్లమీదో ఒకటి పెట్టుకుంటే బాగుంటుంది. ఇల్లు మొత్తానికి మాత్రం కాదు. స్విచ్చి కట్టేస్తే చచ్చిపోవడం దీని పుట్టుకలోనే ఉంది, ఫ్యానుకి ఇది చేసేదేమీ లేదు. మన ఇళ్లలో ఎక్కువ వెలుతురు ఇచ్చేది ట్యూబులైటే, దాన్ని ఇది ముట్టుకోలేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి మాత్రం ఇది హాయి. ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పట్టుకుపోవచ్చు.

### బోర్డు వెనక మాడ్యూల్

స్విచ్ బోర్డు ఊడదీసి, లోపల చిన్న డబ్బా పెట్టి, పాత స్విచ్చులు దానికి కలుపుతారు. బయటికి ఏమీ మారదు. స్విచ్చి నొక్కితే లైటు వెలుగుతుంది, ఫోన్‌లో నొక్కినా వెలుగుతుంది. నాలుగు లైట్లు, ఒక ఫ్యాను నడిపే మాడ్యూళ్లు మన దేశంలోనే చాలా కంపెనీలు చేస్తున్నాయి. మా ఇంట్లో చివరికి స్థిరపడింది దీనితోనే, పెద్దవాళ్లున్న ఇంటికి నేను మొదట చెప్పేదీ ఇదే.

పెట్టించేముందు బోర్డు విప్పి మూడు చూడాలి.

మొదటిది న్యూట్రల్. మాడ్యూల్‌కి ఎప్పుడూ కరెంటు ఉండాలి, అందుకు న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు కావాలి. మన అదృష్టం ఏంటంటే మన బోర్డుల్లో చాలావాటికి ఒక సాకెట్టు ఉంటుంది, సాకెట్టుందంటే అందులోకి న్యూట్రల్ వచ్చిందన్నమాట. మా ఎలక్ట్రీషియన్ బోర్డు చూడకుండానే చెప్పేశాడు: "ఫోన్ చార్జింగ్ పెట్టుకునే బోర్డయితే బెంగ లేదండి, ఆయ్." మెట్ల దగ్గరా, మంచం పక్కనా ఉండే ఒంటి టూ వే స్విచ్చుల (ఒకే లైటుని రెండు చోట్ల నుంచి నడిపేవి) దగ్గరే ఇబ్బంది. అక్కడ న్యూట్రల్ ఉండకపోవచ్చు. మాడ్యూల్‌ని న్యూట్రల్ ఉన్న అవతలి చివర పెట్టించాలి.

రెండోది లోతు. కొత్త ఇళ్లలో మాడ్యులర్ స్విచ్చుల వెనక ఉండే ఇనప డబ్బాలో వైర్ల చిక్కుతోనే చోటు నిండిపోతుంది. పాత చెక్క బోర్డులయితే లోపల చోటు బాగానే ఉంటుంది. రాజోలు ఇంట్లో ఆ పాత టేకు బోర్డులే మాకు కలిసొచ్చాయి.

మూడోది ఇన్వర్టర్ వైరు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఒకే బోర్డులోకి రెండు ఫేజు వైర్లు, అంటే కరెంటు తెచ్చే వైర్లు వస్తాయి. ఒకటి నేరుగా మెయిన్ నుంచి, రెండోది ఇన్వర్టర్ నుంచి. ఒక లైటు, ఒక ఫ్యాను ఇన్వర్టర్ మీద ఉంటాయి, మిగతావి మెయిన్ మీద. మాడ్యూల్‌కి చాలావాటిలో ఫేజు పిన్ను ఒక్కటే. తెలియని మనిషి రెండు వైర్లనీ మెలేసి అందులో దూర్చేస్తాడు. కరెంటు ఉన్నంతసేపూ అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కరెంటు పోయిన మరుక్షణం ఇన్వర్టర్ ఇంటి లోడంతా మోయబోతుంది, మెయిన్ గుండా వీధి లైనులోకి కూడా తోస్తుంది. భీమవరంలో బాబాయిగారింట్లో ఇదే జరిగింది. ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మెయిన్ ఆపేసి, ఏ స్విచ్చులు ఇంకా పనిచేస్తున్నాయో ముందే కాగితం మీద రాసుకోండి. ఆ స్విచ్చులకి వేరు మాడ్యూల్, మిగతావాటికి వేరు మాడ్యూల్. ఇన్వర్టర్ మాడ్యూల్‌కి న్యూట్రల్ కూడా ఇన్వర్టర్‌దే ఇవ్వాలి.

మాడ్యూల్ కూడా కొంచెం కరెంటు తింటుందని మరచిపోవద్దు. ఒక్కోటీ ఒక వాటు అటూ ఇటూ, అంటే నెలకి ముప్పావు యూనిట్ దాకా. పది బోర్డులున్న ఇంట్లో ఇది లెక్కలోకి వస్తుంది. అందుకే వాడని గదులకి పెట్టించకండి.

ఫ్యాను వేగం విషయంలో ఒక చిన్న తిరకాసు ఉంది. మాడ్యూల్ పెట్టాక కొన్నిటిలో పాత రెగ్యులేటర్ పనిచేయదు, వేగం యాప్ నుంచే. ఇది ఒప్పుకోవద్దు. పాత రెగ్యులేటర్ బదులు గోడ మీదే తిప్పుకునే చిన్న నాబ్ గానీ, నొక్కుడు స్విచ్చి గానీ ఇచ్చేవి ఉన్నాయి, అవే అడగండి.

### టచ్ ప్యానెల్

గాజు పలక, వేలు పెడితే వెలుగుతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది. బాబాయిగారు గృహప్రవేశానికి హాల్లో పెట్టించారు, వచ్చినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. కానీ చీకట్లో తడుముకుంటే స్విచ్చి ఎక్కడుందో వేలికి తెలియదు. తడి చేత్తో ముట్టుకుంటే ఒకటి నొక్కితే ఇంకోటి వెలుగుతుంది. చూపు తగ్గిన పెద్దవాళ్లకి ఇది మంచిది కాదు. పైగా ఒక్క పలక పాడైతే ఆ గదిలో లైట్లూ ఫ్యానూ అన్నీ ఒకేసారి పోతాయి. మాడ్యూల్ పాడైతే ఎలక్ట్రీషియన్ పావుగంటలో వైర్లు పాత స్విచ్చులకి తిప్పేయగలడు, దీనికి ఆ దారి లేదు. హాల్లో ఒకటి పెట్టుకోండి, పడకగదుల్లో వద్దు.

### బీఎల్‌డీసీ ఫ్యాను, రిమోట్

అమ్మ తెల్లవారుజాము తిప్పలకి అసలు మందు ఇదే. ఏ యాప్ లేదు, వైఫై లేదు. మంచం మీంచే రిమోట్ నొక్కితే వేగం తగ్గుతుంది. టైమర్ ఉంటుంది, రాత్రి గడిచేకొద్దీ వేగాన్ని తనంతట తనే తగ్గించుకునే స్లీప్ మోడ్ కూడా చాలావాటిలో ఉంటుంది.

ఇన్వర్టర్ మీద దీని లాభం ఇంకా పెద్దది. 150 ఏహెచ్ బ్యాటరీ నుంచి నష్టాలు పోను 1200 వాట్ అవర్లు వాడుకోగలమనుకుందాం. మూడు మామూలు ఫ్యాన్లు కలిపి 225 వాట్లు, అంటే ఐదు గంటల పైన. మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు 90 వాట్లు, అంటే పదమూడు గంటలు. తుపాను రాత్రి ఈ ఎనిమిది గంటల తేడా అంటే పసిపిల్లలున్న ఇంట్లో దోమలూ ఉక్కా లేకుండా తెల్లారడం.

ఫోన్ నుంచి కూడా నడపాలంటే రెండు దారులు. వైఫై లోపలే ఉన్న ఫ్యాను కొనడం ఒకటి. ఆటంబర్గ్ లాంటి కంపెనీల్లో ఈ మోడళ్లు ఉన్నాయి, అలెక్సాతోనూ పనిచేస్తాయి. గదిలో ఒక ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోట్‌లాగే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో సంకేతాలు పంపే చిన్న డబ్బా పెట్టి రిమోట్ సంకేతాలు దానికి నేర్పించడం ఇంకోటి. రెండోదాంట్లో ఒక లోపం ఉంది. బ్లాస్టర్ చెబుతుందే కానీ వినదు. అమ్మ రిమోట్‌తో ఫ్యాను ఆపేస్తే ఫోన్‌లో ఇంకా తిరుగుతున్నట్టే చూపిస్తుంది. అన్ని రిమోట్లూ ఐఆర్ కూడా కాదు, కొన్ని రేడియోవి. మీది ఏదో తెలుసుకోవాలంటే రిమోట్ కొసని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. స్క్రీన్ మీద చిన్న వెలుగు మెరిస్తే అది ఐఆర్.

కష్టాలు కూడా చెప్పాలి. ఈ ఫ్యాన్లో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది, దానికి పిడుగులంటే పడదు. మొన్న వానాకాలం ఒక పిడుగుకి మా హాలు ఫ్యాను బోర్డు పోయింది. వారంటీలోనే ఉన్నా కొత్త బోర్డు రావడానికి మూడు వారాలు పట్టింది. అందుకే ఇంట్లో ఒక్క మామూలు ఫ్యానయినా ఉంచుకోమంటాను. మెయిన్ బోర్డులో ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఆపే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి, ఎర్తు సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఎర్తు గోతిలో ఎండాకాలం నీళ్లు పోయడం మన నాన్నల కాలంలో అలవాటు, ఇప్పుడు ఎవరూ పోయడం లేదు.

రిమోట్ పోవడం ఇంకో బాధ. దిండు కిందకి, మంచం సందులోకి వెళ్లిపోతుంది. స్విచ్ బోర్డు పక్కనే గోడకి స్టాండు కొట్టించి, చిన్న తాడు కట్టండి.

### జిగ్‌బీ, ఇంట్లోనే ఉండే హబ్

రాజోలు మండువా లోగిలి గోడలు రెండడుగుల మందం. మధ్యలో ఆకాశం కనబడే మండువా, చుట్టూ గదులు. వీధి గదిలో రౌటర్ పెడితే వంటింట్లో వైఫై అందీ అందనట్టు ఉంటుంది. అక్కడ వైఫై మాడ్యూళ్లు పెట్టి ఒక నెల అవస్థ పడ్డాం. తర్వాత వైఫై కాకుండా జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతిలో నడిచే రకానికి మారాం. జిగ్‌బీలో కరెంటు మీద నడిచే ఒక్కో పరికరమూ పక్కదానికి మాట అందిస్తుంది. అరుగు మీంచి హాలుకి, హాలు నుంచి వంటింటికి, అక్కణ్ణుంచి దొడ్డి వసారాకి. గోడలు మందంగా ఉన్నా దారి దొరుకుతుంది. రౌటర్ మీద బరువూ పడదు. నెట్ కనెక్షన్‌తో పాటు వచ్చే చిన్న రౌటర్‌కి ముప్ఫై నలభై వైఫై పరికరాలు తగిలిస్తే తడబడుతుంది, ఆ బెడద ఇక్కడ లేదు.

వీటన్నిటినీ కలిపి నడిపే హబ్ అనే డబ్బా ఒకటి కావాలి. కంపెనీ హబ్ కొనుక్కోవచ్చు. లేదా 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద పెట్టుకోవచ్చు. నెట్ లేకపోయినా అంతా ఇంట్లోనే నడుస్తుంది. వేర్వేరు కంపెనీల సరుకు ఒకే చోట కలుస్తుంది. కానీ దీన్ని చూసుకునే మనిషి ఉండాలి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే మేనల్లుడు ఉన్నాడు కాబట్టి అక్కావాళ్లకి సాగుతోంది. ఆ చిన్న కంప్యూటర్‌ని ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. మాటిమాటికీ కరెంటు పోయి వస్తే మెమరీ కార్డు పాడవుతుంది, కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ ఇంకా నయం.

2022 అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. పెట్టె మీద ఆ గుర్తుంటే గూగుల్, ఆపిల్, అమెజాన్ మూడింటితోనూ కలుస్తుంది, ఇంట్లో మాట ఇంట్లోనే తిరుగుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఆ గుర్తు కోసం చూడండి. ఫ్యాను వేగం కూడా అందులో నడుస్తుందా లేక ఆన్ ఆఫ్ మాత్రమేనా అని విడిగా అడగండి.

### ఇల్లు కడుతూనే వైరింగ్

కేఎన్ఎక్స్ లాంటి వ్యవస్థల్లో స్విచ్చుల దగ్గరికి విడిగా సన్న వైరు వేస్తారు, కంట్రోలంతా ఒక పెద్ద బోర్డులో ఉంటుంది. వైఫైతో పనే లేదు, చాలా ఏళ్లు నిలుస్తుంది. ఖర్చూ అంతే. స్లాబు వేసేముందే ప్లాను ఉండాలి, చేసినవాళ్లే మళ్లీ చూడాలి. పెద్ద విల్లాకీ, హోటల్‌కీ సరే. మామూలు డాబాకి నేను చెప్పను. కొత్తగా కడుతున్నవాళ్లు ఒక్క పని చేసుకోండి చాలు: ప్రతి స్విచ్ బోర్డుకీ, మెట్ల దగ్గరి ఒంటి స్విచ్చికి కూడా, న్యూట్రల్ వైరు వేయించండి, లోతైన డబ్బాలు పెట్టించండి. తర్వాత ఏది కావాలన్నా గోడ పగలగొట్టక్కర్లేదు.

## ఒకచోట చూస్తే

| మార్గం | ఫ్యాను వేగం | చేత్తో స్విచ్చి | నెట్ పోతే | పాడైతే |
|---|---|---|---|---|
| స్మార్ట్ బల్బు | లేదు | కట్టేస్తే ఫోన్‌కి అందదు | స్విచ్చితో వెలుగుతుంది, "ఆరి ఉండాలి" అని సెట్ చేయకపోతేనే | బల్బు మార్చుకోవడమే |
| బోర్డు వెనక మాడ్యూల్ | ఉంది, కెపాసిటర్‌ది అడగాలి | ఎప్పట్లాగే | స్విచ్చులు పనిచేస్తాయి | పాత వైరింగ్‌కి తిప్పేయొచ్చు |
| టచ్ ప్యానెల్ | మోడల్ని బట్టి | గాజు మీద వేలితో | పలక పనిచేస్తుంది | గది మొత్తం ఆగుతుంది |
| బీఎల్‌డీసీ, రిమోట్ | బాగా ఉంది | ఆన్ ఆఫ్ మాత్రమే | రిమోట్‌కి నెట్‌తో పని లేదు | బోర్డు కోసం ఎదురుచూపు |
| జిగ్‌బీ, సొంత హబ్ | మాడ్యూల్ని బట్టి | ఎప్పట్లాగే | అంతా నడుస్తుంది | తెలిసిన మనిషి కావాలి |

## ఎవరికి ఏది

పిల్లలు కువైట్‌లోనో అమెరికాలోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే ఉన్న ఇల్లయితే పడకగదికి రిమోట్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను, వీధి లైటుకీ వసారా లైటుకీ మాడ్యూల్. అక్కడికి ఆగండి. మీరు దూరం నుంచి అన్నీ నడపాలని చూడకండి. అమ్మ వంటింట్లో ఉండగా ఫోన్‌లో లైటు ఆర్పితే ఆవిడకి భయం తప్ప మిగిలేదేమీ లేదు. ఇంటికి తాళం వేసి ఉన్నప్పుడు సాయంత్రం వసారా లైటు వెలిగేలా టైము పెడితే అది నిజంగా పనికొస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి స్మార్ట్ బల్బు ఒకటి, సొంత బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటి. ఇంటి ఓనరు ఫ్యాను విప్పి దాచి, వెళ్లేటప్పుడు మళ్లీ బిగించి ఇచ్చేయండి.

లంక ఊళ్లలో వరద ఎక్కే ఇళ్లకి మాడ్యూల్ పెట్టిస్తే తలెత్తు కంటే పైనున్న బోర్డుల్లోనే పెట్టించండి. 1986లో, 2022లో నీళ్లు ఎందాకా వచ్చాయో గోడ మీద మరక ఇంకా చూపిస్తుంది. సాకెట్టు బోర్డులు కిందున్న గదుల్లో రిమోట్ ఫ్యాను చాలు.

చెరువుల దగ్గర మకాంకి, షెడ్డుకి ఏ యాప్ అక్కర్లేదు. చీకటి పడగానే వెలిగి తెల్లారగానే ఆరే డే నైట్ సెన్సార్ చాలు. మెట్లకీ బాత్రూముకీ మనిషి కదలికకి వెలిగే సెన్సార్ లైటు. వీటికి పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్ లేదు. ఒక మాట: చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ని, నీళ్ల మోటారుని లైట్ల మాడ్యూల్‌కి కలపకండి. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకి ఆ చిన్న రిలే అతుక్కుపోతుంది. దానికి కాంటాక్టర్ (పెద్ద కరెంటుని తట్టుకునే స్విచ్చి) ఉన్న స్టార్టర్ వేరే కావాలి.

మాట చెబితే వెలగాలని కోరిక ఉన్నవాళ్లకి: అలెక్సా స్పీకర్ ఇంగ్లీషు, హిందీ వింటుంది, మన తెలుగులో మాట్లాడదు. గదులకి "హాల్", "కిచెన్" లాంటి పొట్టి పేర్లు పెట్టి, అమ్మకి రెండే రెండు మాటలు నేర్పాం. ఆవిడ వాటిని పాటలా అంటుంది, పనవుతోంది. కానీ ఇప్పటికీ చెయ్యి వెళ్లేది రిమోట్ మీదికే.

## పెట్టించే రోజు

యాప్ అకౌంట్ మీ ఫోన్ నంబరు మీద, మీ ఈమెయిల్ మీద తెరవండి. తొందరలో ఎలక్ట్రీషియన్ తన ఫోన్‌లో తెరిచేస్తాడు. ఆయన ఊరు మారితే మీ ఇంటి స్విచ్చులు ఆయన జేబులో ఉంటాయి. తర్వాత కుటుంబంలో మిగతావాళ్లకి షేర్ చేయొచ్చు.

వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. రౌటర్‌లో రెండు బ్యాండ్లూ ఒకే పేరుతో ఉండి కలవకపోతే, కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి కలపండి. రౌటర్ మార్చినప్పుడు పాత పేరు, పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. అన్నీ వాటంతట అవే వచ్చి చేరతాయి. పేరు మారిస్తే ప్రతి బోర్డు దగ్గరా నిలబడి మళ్లీ మొదట్నుంచి చేయాలి. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద ఉంచండి.

ఇల్లంతా ఒక్కసారి చేయించకండి. పడకగది ఒకటి చేయించి నెల్లాళ్లు చూడండి. ఎండాకాలం మొదట్లో అయితే ఇంకా మంచిది, ఫ్యానూ కరెంటు కోతా రెండూ పరీక్ష పెడతాయి.

ఎలక్ట్రీషియన్ సంచి సర్దుకునే ముందు మూడు చూపించమనండి. మెయిన్ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ వేయమనండి: లైట్లు ఆరే ఉన్నాయా, ఫ్యాను ముందు వేగంలోనే మొదలైందా. తర్వాత రౌటర్ ఆపి ప్రతి స్విచ్చీ నొక్కి చూడండి. ఆఖరున ఇంట్లో పెద్దవాళ్లని పిలిచి, ఏమీ చెప్పకుండా, ఫ్యాను రెండులో పెట్టమనండి. వాళ్లు మీ వైపు చూడకుండా పెట్టేస్తే డబ్బులు ఇచ్చి పంపించండి.